ధ్వని యే దిక్కున నున్నది?

మీ యింట పురిటిబిడ్డ యున్నచో, మెలకువగా నెమ్మదిగా పండుకొనియున్న వేళ చెవి ప్రక్కన కొంచెము దూరముగా గిలకను మెల్లగా నాడించి చూడుడు. బిడ్డ వెంటనే తిరుగడు. కొన్ని క్షణములు కదలక యుండి, పిదప తలను ఆ వైపునకు మెల్లమెల్లగా త్రిప్పును. తొందరపడి గిలకను దాచువారు బిడ్డకు వినబడలేదని భ్రమపడుదురు. పుట్టిన కొలది నిమిషములకే యొక ఆడుశిశువు ఆటవస్తువు చప్పుడైన దిక్కునకు కన్నులు త్రిప్పినదని అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు మైకేల్ వర్తైమర్ 1961లో ప్రకటించెను.

అయితే చెవికి దిక్కు లెట్లు తెలియును? కంటిలో వస్తువు బింబము పడిన చోటే దాని దిక్కును జెప్పును. చెవిలో నట్టి పటము లేదు. రెండు చెవులు తెచ్చిన వార్తలను మెదడు సరిపోల్చి లెక్కకట్టవలసినదే. కుడివైపున మ్రోగిన గంట కుడిచెవికి ముందును, ఎడమచెవికి తరువాతను వినబడును. ఈ వ్యవధి పెద్దవారిలో సైతము సెకనులో వేయవ వంతునకు లోపుగనే యుండును! అదియునుగాక, తల యడ్డుపడుటచే కీచుధ్వనులు ఎడమచెవికి తగ్గి చేరును. బొంగురు ధ్వనులకు కాలభేదమును, కీచుధ్వనులకు తీవ్రతాభేదమును ఆధారములని ఆంగ్ల శాస్త్రవేత్త రేలీ ప్రభువు 1907లో వివరించెను. ధ్వని పైనుండి వచ్చినదో క్రిందినుండి వచ్చినదో తెలియుటకు చెవిదొప్ప మడతలు తోడ్పడును.

శిశువునకు ఇంకొక చిక్కు కలదు. పుట్టినప్పుడు తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. పెద్దవారికి 55 వఱకు నుండును. తల పెరిగినకొలది చెవుల నడుమ దూరము పెరుగును. నిన్నటి లెక్క నేటికి చాలదు. ఏటేట గజపుబద్ద మారుచుండగా గుడ్డ కొలువవలసిన వర్తకుని పాట్లే శిశువు మెదడువి. రెండు మూడు నెలల వయస్సున తల త్రిప్పుట తగ్గుటయు కలదు. నాలుగవ నెలలో అది మరలివచ్చును. ఈ మాఱు త్వరగను, గురి తప్పకను తిరుగును. మొదటిది అప్రయత్నచేష్టయనియు, రెండవది మెదడు పైభాగము పూనుకొని చేయు కార్యమనియు పలువురు పరిశోధకుల యభిప్రాయము.

గడియారపు ముఖమున ఒక గంటకును తరువాతి గంటకును నడుమ 30 డిగ్రీ లుండును. ధ్వని దాదాపు అంత జరిగినగాని పురిటిబిడ్డ గుర్తింపలేడు. ఆరవ నెలకు అందు సగము చాలును. ఏడాదిన్నరకు ఇంచుమించు ఒక నిమిషపు గీత చాలును. అయిదేండ్లకు పెద్దలతో దాదాపు సమానుడగును. కాని ప్రతిధ్వనులు నిండిన గదిలోను, పలువురు మాటలాడు చోటను ఈ నేర్పు బడియీడు వచ్చిన పిదపను వృద్ధి పొందుచుండును.

ఇది యంతయు రెండు చెవులు పనిచేసినప్పటి మాట. నా తరగతిలో నొక బాలు డుండెను. ఏ మూలనుండి పిలిచినను కుడివైపునకే చూచెడివాడు. పరధ్యానమని పలుమాఱులు గద్దించితిని. ఒకనాడు బడి ముందర బాటపై ఎడమనుండి లారీ హారను మ్రోగించుచు రాగా, వాడు కుడివైపు చూచుచునే అడుగు వేసెను. తోడివాడు చొక్కా పట్టి వెనుకకు లాగెను. వైద్యుడు పరీక్షించి ఎడమచెవి చిన్ననాటినుండియు వినబడదని చెప్పెను. ఒంటిచెవితో మాటలు చక్కగా వినబడుచుండుటచే తల్లిదండ్రులును, నేనును ఎఱుగమైతిమి. మఱునాటినుండి వానిని ముందు వరుసలో ఎడమ గోడ ప్రక్కన కూర్చుండబెట్టితిని. అప్పుడు తరగతి యంతయు వాని కుడిచెవి వైపే యుండెను. పిలిచినప్పుడు పేరుతోబాటు చేయి యెత్తుట నే నలవాటు చేసికొంటిని.