ఫ్రేము కోసం ఆగిన మానిటర్

హైదరాబాదు పాతబస్తీ గల్లీల్లోని గేమింగ్ సెంటర్లలో తరచూ వినపడే ఫిర్యాదు ఒకటే: “స్టక్ అవుతోంది భాయ్.” ఓనరు వచ్చి చూస్తే తెర మూలన ఫ్రేముల లెక్క 60 దగ్గరే ఉంటుంది. కుర్రాడి మాటా నిజమే, ఆ అంకె కూడా నిజమే. ఎందుకంటే 60 అన్నది సగటు. బార్కస్ పెళ్లిళ్లలో మార్ఫా వాద్యం విన్నవాళ్లకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. నిమిషంలో పడాల్సిన దెబ్బలన్నీ పడినా సరే, నడుమ ఒక్కటి ఆలస్యమైతే ఆడేవాడి కాలు తడబడుతుంది.

ఈ చిక్కు పాత పిక్చర్ ట్యూబుతో మొదలైంది. ఎలక్ట్రాన్ల పుంజం తెరను పైనుంచి కిందికి వరసవారీగా గీసుకుంటూ పోయేది. టీవీలో ఆ వేగాన్ని కరెంటు ఫ్రీక్వెన్సీకి జతచేశారు: అమెరికాలో 60, మన దగ్గర 50. కెమెరా కూడా అదే లయలో నడిచేది గనుక ఇబ్బంది రాలేదు. కానీ గేమ్‌లో బొమ్మ అప్పటికప్పుడు తయారవుతుంది. ఖాళీ గదికి 8 మిల్లీసెకన్లు చాలితే, పొగా పేలుడూ గుంపులుగా శత్రువులూ వచ్చేసరికి 25 పట్టవచ్చు. మానిటర్ సగం గీసేసరికి గ్రాఫిక్స్ కార్డ్ కొత్త ఫ్రేము అందించిందంటే పైసగం పాత బొమ్మ, కిందిసగం కొత్తది. స్తంభం నడుమ విరిగి పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. దీన్నే టేరింగ్ అంటారు.

దానికి తొలి మందు వి-సింక్. మానిటర్ ఒక బొమ్మ పూర్తిచేసేదాకా కార్డును ఆపుతుంది. టేరింగ్ పోయింది, స్టట్టర్ వచ్చింది. 60 హెర్ట్జ్ మానిటర్ 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి బొమ్మ మారుస్తుంది. ఫ్రేము 17వ మిల్లీసెకనుకు సిద్ధమైతే తర్వాతి వంతు 33.3 దగ్గరే. మిల్లీసెకనులో మూడో వంతు ఆలస్యానికి 16 మిల్లీసెకన్ల నిరీక్షణ! ఇలా వరసగా జరిగితే 60 కాస్తా 30కి పడిపోతుంది.

సమీక్షకులు చాలాకాలం సగటునే నమ్ముకున్నారు. 2011లో టెక్ రిపోర్ట్ వెబ్‌సైట్‌లో స్కాట్ వాసన్ ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయాన్ని విడివిడిగా గ్రాఫుగా గీసి చూపించాడు. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే. ఆటగాడు ఏళ్లుగా చెబుతున్న బాధ మొదటిసారి కొలతకు అందింది.

ఎల్‌సీడీలో ఎలక్ట్రాన్ల పుంజం లేదు, అయినా పాత లయ మిగిలిపోయింది. 2013 అక్టోబరులో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా మాంట్రియల్‌లో జీ-సింక్‌ను ప్రకటించి వరస తిరగేసింది: ఫ్రేము తయారయ్యాకే మానిటర్ కదలాలి. అందుకోసం మానిటర్ లోపల ప్రత్యేక బోర్డు పెట్టారు, దాంతో ధర పెరిగింది. 2014 జనవరిలో దాని పోటీదారు ఏఎమ్‌డీ మామూలు ల్యాప్‌టాప్‌ల మీదే ఇలాంటి పని చేయించి చూపింది. బ్యాటరీ ఆదా కోసం ల్యాప్‌టాప్ తెరల్లో అప్పటికే ఉన్న సదుపాయాన్ని వాడుకున్న ఆ ఆలోచన ఎంతో అందమైంది. ఆ ఏడాదే అది డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో చేరింది, 2015లో ఫ్రీసింక్ పేరుతో అలాంటి మానిటర్లు వచ్చాయి. 2019లో ఎన్విడియా కూడా వాటికి దారిచ్చింది.

మళ్లీ మన గల్లీకి వద్దాం. సెకండ్‌హ్యాండ్ ఆఫీసు కంప్యూటర్‌లో కార్డు బిగించి నడిపేచోట మొదట చూడాల్సింది కేబుల్. అది కార్డుకు కాక మదర్‌బోర్డుకు గుచ్చి ఉంటే కార్డు కొన్న డబ్బు దండగే. పాత వీజీఏ కేబుల్ మీద ఫ్రీసింక్ పనిచేయదు. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా విండోస్ సెట్టింగ్‌లో 60 దగ్గరే ఉండిపోవచ్చు. ర్యామ్ ఒక్క స్టిక్కే ఉంటే రెండోది వేయడం మేలు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు దుమ్ము పట్టిన ఫ్యాన్ చిప్‌ను చల్లార్చలేదు, చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం నత్తినత్తిగా నడిచిన గేమ్ రాత్రి సాఫీగా సాగితే అనుమానం ముందు వేడి మీదే.

వీటన్నిటికీ లొంగనిది ఒకటుంది. కొత్త గేమ్‌లో ఏదైనా దృశ్యం మొదటిసారి వచ్చినప్పుడు దాని వెలుగునీడలు లెక్కగట్టే షేడర్ ప్రోగ్రామును ఆ కార్డుకు తగ్గట్టు అప్పటికప్పుడు కంపైల్ చేయాల్సి రావచ్చు. ఆ పని పదో వంతు సెకను పట్టిందంటే, ఎంతసేపైనా ఆగగల మానిటర్ ఉన్నా ఆట ఆగిపోతుంది. అందుకే కొన్ని గేమ్‌లు తొలిసారి తెరవగానే షేడర్లు సిద్ధం చేసుకుంటూ చాలా నిమిషాలు తీసుకుంటాయి. గంటకింత చొప్పున డబ్బు కట్టిన కుర్రాడు తెరమీది ప్రోగ్రెస్ గీత నిండేదాకా ఉండలేక మధ్యలోనే దాటవేస్తాడు. ఓనరు పొద్దున షట్టర్ ఎత్తగానే, ఎవరూ రాకముందే, ప్రతి సిస్టమ్ మీదా ఆ పని పూర్తిచేయించాలి. డ్రైవర్ అప్‌డేట్ చేసిన రోజైతే మళ్లీ మొదటినుంచీ.