ఏడవాల్సిన చోట శంకరాభరణం!

"ఏ సినిమాలోది బాబాయ్ ఈ పాట?" అని అడిగాడు మా పక్కింటి కుర్రాడు. పాటంటే సినిమాలోంచే రావాలని వాడి నమ్మకం. సినిమాది కాదురా, 1827లో కట్టిన జర్మన్ పాట, అప్పటికి సినిమా పుట్టనే లేదన్నాను. "అయినా ఏదో సిట్యుయేషన్ ఉన్నట్టుందే!" అన్నాడు. గడుసువాడు! నిజంగానే ఉంది.

చలికాలం. అర్ధరాత్రి. ఊరంతా మంచు. ఓ కుర్రాడు పూలు పూసే మే నెలలో ఆ ఊరొచ్చాడు. ఓ అమ్మాయి ప్రేమ మాటలు చెప్పింది, వాళ్ళమ్మ పెళ్ళిదాకా వెళ్ళింది. ఇప్పుడంతా తారుమారు. వాళ్ళు గెంటేదాకా ఉండటమెందుకని తనే బయల్దేరాడు. ఆమె నిద్రపోతోంది. లేపడు. చప్పుడు కాకుండా తలుపు వేసి, పోతూ పోతూ గేటు మీద 'శుభరాత్రి' అని రాసి వెళ్ళిపోతాడు. పాట పేరూ అదే, 'గూటె నాఖ్ట్'. రాసింది విల్‌హెల్మ్ మ్యూలర్. బాణీ కట్టింది వియన్నా వాడు ఫ్రాన్జ్ షూబర్ట్. 'వింటర్‌రైజె', అంటే చలికాలపు ప్రయాణం, అనే 24 పాటల వరసలో ఇది మొదటిది. ఒక గొంతు, ఒక పియానో, అంతే! వయొలిన్ల గుంపు లేదు, కోరస్ లేదు. ఇలాంటి పాటని జర్మన్లు 'లీడ్' అంటారు.

నా దగ్గరున్నది డీట్రిష్ ఫిషర్ డీస్కావ్ పాడగా జెరాల్డ్ మూర్ పియానో వాయించిన 1971 నాటి రికార్డు. దాన్ని మొదట విన్నది ఓ స్నేహితుడి గదిలో. వాడి ప్లేయరుకి బెల్టు సాగిపోయి, రికార్డు నిదానంగా తిరిగేది. అలా తిరిగితే టెంపో ఒక్కటే తగ్గదు, శ్రుతి కూడా దిగిపోతుంది. ఆ సంగతి మాకు తెలిస్తే కదా! శవం వెనకాల నడిచేవాళ్ళ పాట కాబోలనుకుని, లైటు తీసేసి, మొహాలు వేలాడేసుకుని రెండేళ్ళు విన్నాం. తర్వాత మరో ఇంట్లో అదే రికార్డు సరైన స్పీడులో విని తెల్లబోయాను. ఆ మనిషి ఏడవటం లేదు. నడుస్తున్నాడు!

షూబర్ట్ తన చేతిరాత ప్రతిలో రాసుకున్నదీ అదే: మితమైన వేగం, నడక చాలు. పాట మొదలు కాగానే పియానో ఒకే తూకంతో అడుగులు వేస్తుంది. గొంతు ఆగినా ఆ అడుగులు ఆగవు. మరీ నిదానిస్తే ఇది జాలిపాట అయిపోతుంది, మూడో చరణంలోని కోపానికి చోటుండదు. మరీ తొందరపడితే కుర్రాడు పారిపోతున్నట్టుంటుంది. 1985లో డ్రెస్డెన్ కచేరీలో పీటర్ ష్రయర్ పాడుతుంటే రిక్టర్ పియానో మీద దీన్ని చాలా విలంబంగా నడిపాడు. మంచు మోకాలి లోతు ఉన్నట్టుంటుంది. గొప్పగానే ఉంటుంది గాని, నా ఓటు ఫిషర్ డీస్కావ్‌కే. ఆయన పాటలో ఆ కుర్రాడు వెనక్కి తిరిగి చూడాలనుకుంటాడు, కాళ్ళు ఒప్పుకోవు.

ఇక శ్రుతి. షూబర్ట్ రాసింది డి మైనర్‌లో, మన హార్మోనియం లెక్కలో రెండు శ్రుతి. గొంతు కాస్త మందరమైన గాయకులు కిందికి దించుకుని పాడతారు, అందులో తప్పేం లేదు. మైనర్ అంటే మన నఠభైరవి, కీరవాణిలకు దగ్గర చుట్టం, దిగులు స్కేలు. మూడు చరణాలు అలాగే నడుస్తాయి.

నాలుగో చరణం ముందు పియానోలో చిన్న బి.జి.ఎం. వస్తుంది. అది ముగిసే చోట మూర్ వేళ్ళ కింద గాంధారం అరమెట్టు పైకి జరుగుతుంది. సాధారణ గాంధారం అంతర గాంధారం అయింది! మైనర్ కాస్తా మేజర్. మన శంకరాభరణం స్వరాలు! కథలో ఏం మారలేదు సుమా. అదే చలి, అదే గేటు. కానీ ఇప్పటిదాకా తన గురించే వాపోయిన వాడు, ఇప్పుడు ఆమె నిద్ర చెడకూడదంటున్నాడు. మేజర్ స్కేలు వాడిది కాదు, ఆ అమ్మాయి నిద్రది అని నాకనిపిస్తుంది. ఫిషర్ డీస్కావ్ ఇక్కడ గొంతు సగానికి సగం తగ్గించేస్తాడు, పక్క గదిలో నిజంగా ఎవరో పడుకున్నట్టు. చివరికి, నీ గురించే అనుకున్నాను అనే మాట మళ్ళీ పలికేటప్పటికి గాంధారం కిందికి దిగిపోతుంది. తలుపు మూసుకున్నట్టే.

అన్నట్టు, షూబర్ట్ ఈ పాటలన్నీ తనే పాడి వినిపిస్తే, ఇంత దిగులేమిట్రా బాబూ అని స్నేహితులు బిక్కమొహాలు వేశారట. నా పాటలన్నిట్లోకీ నాకివే ఇష్టం, మీకూ నచ్చుతాయి చూడండి అన్నాడట. 1828 నవంబర్లో, 31 ఏళ్ళకే పోయాడు.

ఈ గాయకుడి కథ కూడా సినిమాకి తీసిపోదు. 1943 జనవరిలో, 17 ఏళ్ళ వయసులో, బెర్లిన్లోని జేలెన్‌డోర్ఫ్ టౌన్‌హాల్లో 'వింటర్‌రైజె' పాడుతున్నాడు. మధ్యలో బ్రిటిష్ విమానాలొచ్చి బాంబులు కురిపించాయి. దాదాపు 200 మంది శ్రోతలూ, గాయకుడూ నేలమాళిగలోకి పరుగు. రెండున్నర గంటలు అక్కడే. దాడి ఆగాక పైకొచ్చి మిగతా పాటలు పాడాడు, జనం కూర్చుని విన్నారు! తర్వాత సైన్యంలోకి లాక్కెళ్ళారు, ఇటలీలో అమెరికన్లకు యుద్ధఖైదీగా చిక్కాడు. తిరిగొచ్చిన ఆ మనిషి పక్కన 1955లో, 1962లో, 1971లో ఇవే పాటలకు పియానో వాయించిన జెరాల్డ్ మూర్ ఎవరనుకున్నారు? ఇంగ్లీషు వాడు. ఆ గాంధారం అరమెట్టు జరిగే చోట ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళకి తెలిసినట్టుంటుంది.

ఇదంతా చెప్పి కుర్రాడికి నాలుగో చరణం మళ్ళీ వేశాను. కదలకుండా విన్నాడు. లేచి చెప్పులేసుకుంటూ, "ఇంతకీ పొద్దున్నే ఆ అమ్మాయి గేటు చూసిందా బాబాయ్?" అన్నాడు.

మిగతా 23 పాటల్లో ఆ మాట ఎక్కడా రాదు.