"బాగుండాడు సార్" అంటే సరిపోతుందా?
డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి జీవన నాణ్యతను ఎలా కొలుస్తారు?



ఆసుపత్రి ఓ.పి.లో డాక్టరుగారు తల్లిని అడిగే మొదటి ప్రశ్న, "ఎట్లుండాడమ్మా పిల్లోడు?" అనేదే. "బాగుండాడు సార్" అని తల్లి చెబుతుంది. జ్వరం లేదు, విరేచనాలు లేవు, పూటపూటకూ సంగటి తింటున్నాడు. కాబట్టి ఆమె చెప్పింది నిజమే. అయితే ఆ పిల్లవాడికి డౌన్ సిండ్రోమ్ ఉండి, పద్నాలుగేళ్ల వయసు వచ్చినప్పుడు ఆ ఒక్క మాట సరిపోదు. వీధిలో అతనికి స్నేహితుడు ఉన్నాడా? ఎవరైనా వెక్కిరిస్తున్నారా? అతనికి ఏది ఇష్టమో ఇంట్లో ఎవరైనా అడుగుతున్నారా? అతను అమ్మ పక్కనే నిలబడి ఉంటాడు. కాని "నువ్వు ఎట్లుండావు నాయనా?" అని అతన్ని ఎవరూ అడగరు.

ఈ "బాగుండటం" అనే దాన్ని వైద్యులు "జీవన నాణ్యత" అంటారు. దాన్ని ఎలా కొలుస్తారో, ఆ కొలతతో మన ఇళ్లకు ఏమి ఉపయోగమో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

డౌన్ సిండ్రోమ్ అంటే ఏమిటి?

మన శరీరంలోని ప్రతి కణంలో సాధారణంగా 46 క్రోమోజోములు ఉంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటుంది. ఈ స్థితిని 1866లో ఇంగ్లండు వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ వర్ణించారు. దీనికి కారణం అదనపు క్రోమోజోమేనని 1959లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. ప్రపంచంలో సుమారు వెయ్యి కాన్పులకు ఒకటి చొప్పున ఇలా జరుగుతుంది. తల్లి వయసు 35 దాటిన కొద్దీ అవకాశం పెరుగుతుంది. అయినా చిన్న వయసు తల్లులకూ ఇలాంటి బిడ్డలు పుడతారు.

మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ. అందుకే "మేనరికం చేసుకున్నందుకే ఇట్లా పుట్టినాడు" అని తల్లిని నిందించేవారు ఉన్నారు. మేనరికం వల్ల కొన్ని ఇతర జన్యు వ్యాధులు వచ్చే అవకాశం పెరుగుతుంది. డౌన్ సిండ్రోముకు మాత్రం మేనరికం కారణం కాదు. గ్రహణం కాదు, శాపం కాదు, తల్లి తిన్న తిండీ కాదు.

తెలివిని కొలవడం వేరు, జీవితాన్ని కొలవడం వేరు

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి చాలావరకు మేధో వైకల్యం ఉంటుంది. ఒకప్పుడు దీన్నే బుద్ధిమాంద్యం అనేవారు. ఇలాంటి పిల్లల కోసం 1984లో సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఏర్పడింది. అక్కడి నిపుణులు 1992లో భారతీయ పిల్లల కోసం ఒక కొలత పట్టిక ప్రచురించారు. అందులో మొదటి భాగంలో 280 అంశాలు ఉన్నాయి. స్నానం చేయగలడా, బొత్తాలు పెట్టుకోగలడా, డబ్బులు లెక్కపెట్టగలడా వంటివి చూస్తారు. రెండవ భాగంలో 75 ప్రవర్తనా సమస్యలు ఉన్నాయి. పిల్లవాడికి ఏమి నేర్పాలో తెలుసుకోవడానికి ఇది మంచి సాధనం.

కాని బొత్తాలు పెట్టుకోగల పిల్లవాడు సంతోషంగా ఉన్నాడని దాని అర్థం కాదు. ఒకే ఐ.క్యూ. ఉన్న ఇద్దరిని తీసుకోండి. ఒకరు అమ్మతో కూర్చుని శనక్కాయలు ఒలుస్తారు, పెండ్లిళ్లకు పోతారు, ఊరిలో అందరూ పేరు పెట్టి పిలుస్తారు. ఇంకొకరిని చుట్టాలు వచ్చినప్పుడు లోపలి గదిలో ఉంచుతారు. ఐ.క్యూ. అంకె ఒకటే, బ్రతుకులు ఒకటి కావు. ఆ తేడాను పట్టుకునేదే జీవన నాణ్యత కొలత.

ఏమేమి చూస్తారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1991లో జీవన నాణ్యత కొలత తయారీ మొదలుపెట్టింది. అందులో పాల్గొన్న కేంద్రాలలో మన చెన్నై, ఢిల్లీ కూడా ఉన్నాయి. ఆ సంస్థ ఇచ్చిన నిర్వచనం సారాంశం ఇది: తాను బ్రతికే సంస్కృతిలో, తన ఆశలను బట్టి, తన స్థితి గురించి ఆ మనిషి తానే ఏమనుకుంటున్నాడో అదే జీవన నాణ్యత. "ఆ మనిషి తానే" అన్న మాట ముఖ్యం. తరువాత వైకల్యం ఉన్నవారి కోసం అదనపు ప్రశ్నలు కూడా చేర్చారు.

మేధో వైకల్యం ఉన్నవారి విషయంలో అమెరికా నిపుణుడు రాబర్ట్ షాలక్ చెప్పిన ఎనిమిది అంశాలను చాలా దేశాలలో వాడుతున్నారు. వాటిని మన ఊరి బ్రతుకుకు అన్వయించి చూద్దాం.

1. శారీరక ఆరోగ్యం: నొప్పి ఉంటే చెప్పగలుగుతున్నాడా? రాత్రి బాగా నిద్రపోతున్నాడా?

2. మానసిక క్షేమం: దేనికైనా భయపడుతున్నాడా? అవమానం పడకుండా రోజు గడుస్తోందా?

3. బంధాలు: అమ్మ, నాన్న కాకుండా అతన్ని వెదుక్కుంటూ వచ్చే మనిషి ఒక్కరైనా ఉన్నారా? కరువుకు అన్న బెంగళూరు పనికి పోతే, ఆ లోటు అతనికి ఎంతగా తెలుస్తోంది?

4. వస్తువులు, డబ్బు: తనదంటూ ఒక పెట్టె, ఒక దుప్పటి ఉన్నాయా? అతని పేరున వచ్చే పింఛనులో అతని ఇష్టానికి పది రూపాయలైనా ఖర్చవుతున్నాయా?

5. నేర్చుకోవడం: బడికో, మండలంలోని భవిత కేంద్రానికో పోతున్నాడా? మన జిల్లాలో 1969లో పని మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఇలాంటి పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు పెట్టింది. బడి ఈడు దాటినా నేర్చుకోవడం ఆగకూడదు.

6. స్వంత నిర్ణయం: ఏ చొక్కా వేసుకోవాలో ఎవరు నిర్ణయిస్తారు?

7. నలుగురిలో కలవడం: జాతరకు, పెండ్లికి, గుడికి, చర్చికి పోతున్నాడా? పోయినప్పుడు అతనికి చేయడానికి ఒక పని ఇస్తున్నారా, లేక వెనక కూర్చోబెడుతున్నారా?

8. హక్కులు: వైకల్య ధ్రువపత్రం తీసుకున్నారా? 2016 చట్టం ప్రకారం మేధో వైకల్యం ఉన్నవారికి కూడా అందరితో సమాన హక్కులు ఉన్నాయి.

ఇందులో చాలా ప్రశ్నలకు డబ్బుతో పని లేదని గమనించండి. వాన రాని సంవత్సరం చేను ఎండిపోవచ్చు. చొక్కా ఏది కావాలని అడగడానికి వాన అక్కరలేదు.

మార్కులు ఎలా వేస్తారు?

పిల్లల కోసం ఎక్కువగా వాడే ప్రశ్నాపత్రాలలో ఒకటి పెడ్స్‌క్యూఎల్. దీన్ని అమెరికాలో జేమ్స్ వార్నీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రూపొందించారు. 23 ప్రశ్నలు ఉంటాయి. శరీరం గురించి 8, మనసు గురించి 5, తోటివారి గురించి 5, బడి గురించి 5. గడచిన నెలలో ఒక్కొక్క ఇబ్బంది ఎంత తరచుగా వచ్చిందో చెప్పాలి. ఎప్పుడూ లేదంటే 100, దాదాపు లేదంటే 75, అప్పుడప్పుడు అంటే 50, తరచుగా అంటే 25, దాదాపు ఎప్పుడూ ఉందంటే 0. అన్నీ కూడి సగటు తీస్తారు. అంకె పెరిగితే జీవన నాణ్యత మెరుగు అని అర్థం.

అయిదు నుంచి ఏడేళ్ల పిల్లల పత్రంలో మూడు జవాబులే ఉంటాయి. నవ్వే ముఖం, మామూలు ముఖం, ఏడుపు ముఖం బొమ్మలు చూపి పిల్లలనే అడుగుతారు. మాట తక్కువగా ఉన్న పెద్ద పిల్లలతో మాట్లాడటానికీ ఇలాంటి బొమ్మలు సాయపడతాయి.

ఒక ఉదాహరణ అనుకుందాం. తోటివారి గురించిన అయిదు ప్రశ్నలకు తల్లి జవాబులను బట్టి 100, 75, 100, 50, 75 వచ్చాయి. సగటు 80. అవే ప్రశ్నలకు పిల్లవాడు బొమ్మల మీద వేలు పెట్టి చూపాడు. అతనివి 100, 0, 50, 0, 50. సగటు 40. రెండు సున్నాలలో ఒకటి "పిల్లలు నిన్ను వెక్కిరిస్తారా?" అన్న ప్రశ్నకు వచ్చింది.

ఇందులో ఎవరు చెప్పింది నిజం? ఇద్దరిదీ నిజమే. తల్లి పొద్దున్నే పనికి పోయి సాయంత్రం వస్తుంది. ఆమెకు కనిపించింది ఆమె చెప్పింది. వీధిలో జరిగింది పిల్లవాడు చెప్పాడు. నడక, తిండి వంటి పైకి కనిపించే విషయాలలో తల్లిదండ్రుల జవాబు, పిల్లల జవాబు దగ్గరగా ఉంటాయని, మనసులోని విషయాలలో దూరమవుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. కొన్నిసార్లు తేడా ఎదురుగానూ ఉంటుంది. బిడ్డ సంతోషంగానే ఉంటాడు, తల్లి తన దిగులును బిడ్డ దిగులుగా చెబుతుంది. అందుకే రెండు జవాబులూ తీసుకోవాలి. ఒకదానికి బదులు ఇంకొకటి వాడకూడదు.

అడిగే పద్ధతి

"సంతోషంగా ఉండావా?" అంటే "ఊ" అంటాడు. "బాధగా ఉండావా?" అన్నా "ఊ" అనే అంటాడు. మేధో వైకల్యం ఉన్నవారిలో చాలామంది ఎదుటివారిని మెప్పించడానికో, ప్రశ్న అర్థం కాకనో అవునని తలూపుతారని 1981లోనే అమెరికా పరిశోధకులు చూపారు. కాబట్టి ఒకే విషయాన్ని రెండు విధాలుగా అడగాలి. "అవునా, కాదా" అనడానికి బదులు "ఇదా, అదా" అని బొమ్మలు, వస్తువులు చూపాలి. జవాబుకు తొందర పెట్టకూడదు. అమ్మ ముఖం చూసి జవాబు చెప్పే అలవాటు ఉంటే, అమ్మ కాసేపు బయట కూర్చోవడం మంచిది. బొత్తిగా మాట రానివారి విషయంలో వారిని బాగా ఎరిగిన ఇద్దరు విడివిడిగా గమనించి చెప్పాలి.

ఇలా అడిగితే ఏమి తెలుస్తుంది? 2011లో అమెరికాలో బ్రయన్ స్కాట్కో అనే వైద్యుడు, ఆయన సహచరులు 12 ఏళ్లు దాటిన 284 మంది డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి జవాబులు సేకరించారు. దాదాపు 99 శాతం మంది తమ జీవితం సంతోషంగా ఉందని చెప్పారు. వారు డౌన్ సిండ్రోమ్ సంఘాలలో చేరిన కుటుంబాలవారు, సదుపాయాలు ఉన్న దేశంవారు. ఆ అంకెను అనంతపురానికి తెచ్చి అతికించలేము. కాని "ఇట్లాంటి బ్రతుకు బ్రతుకేనా" అని పక్కవారు అనే మాటకు, ఆ బ్రతుకు బ్రతికేవారే చెప్పిన జవాబు అది.

మార్కు తగ్గితే ఏమి చేయాలి?

తక్కువ మార్కు బిడ్డకు వేసిన మార్కు కాదు, తల్లికి వేసిన మార్కు కూడా కాదు. ఎక్కడ చూడాలో అది చూపిస్తుంది. ముందుగా శరీరాన్ని చూడాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది. థైరాయిడ్ తక్కువ కావడం, వినికిడి, చూపు తగ్గడం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం కూడా ఎక్కువే. ఆడుకునే పిల్లవాడు మూలన కూర్చుంటే "వాని గుణమే అంత" అని వదిలేయకండి. అది థైరాయిడ్ కావచ్చు, చెవి వినపడకపోవడం కావచ్చు. సంవత్సరానికి ఒకసారి థైరాయిడ్ రక్త పరీక్ష చేయించాలి. చెవులు, కళ్లు కూడా క్రమంగా చూపించాలి. శరీరంలో ఏమీ లేకపోతే అప్పుడు బడిని, వీధిని, ఇంటిని చూడాలి.

ఇంట్లోనే అడగండి

ఈసారి ఆసుపత్రికి వచ్చే ముందు మీ బిడ్డను ఈ అయిదు ప్రశ్నలు అడగండి. అవసరమైతే నవ్వే ముఖం, ఏడుపు ముఖం ఒక కాగితం మీద గీసి చూపండి.

• ఈరోజు నీకు బాగా నచ్చింది ఏది?
• నిన్ను ఎవరు ఏడిపిస్తారు?
• నీకు ఎక్కడ నొప్పి? చేయి పెట్టి చూపు.
• ఎవరితో ఉంటే నీకు ఇష్టం?
• రేపు ఏమి చేద్దామనుకుంటున్నావు?

వచ్చిన జవాబులు ఆ కాగితం వెనకాలే రాసుకుని డాక్టరుగారికి చూపండి. ఆరు నెలల తరువాత మళ్లీ అడిగి, ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. డాక్టరుగారు "ఎట్లుండాడమ్మా?" అన్నప్పుడు "వాన్నే అడగండి సార్, చెబుతాడు" అని బిడ్డను ముందుకు జరపండి.