రివర్స్ పడకపోతే తప్పు మీదేనా?

పోయినేడు మిరప కోతల రోజులు. పర్చూరు దగ్గర మా పుట్టింటి ఊరి నుంచి అమ్మని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. అటూ ఇటూ పత్తి చేలు, మధ్యలో ఒక్క బండి పట్టే డొంక. ఎదురుగా మిర్చి టిక్కీలు నింపుకున్న ట్రాక్టరు. వెనక ట్రక్కుతో అది వెనక్కి పోలేదు, నేనే పోవాలి.

రివర్స్ వేశా. గర్ర్‌మని చప్పుడే గానీ గేరు పడలేదు. మళ్లీ వేశా, అదే చప్పుడు. వెనక సీట్లో అమ్మ ఆయాసపడుతోంది. టిక్కీల మీంచి ఎవరో "ఆడాళ్లకి కార్లెందుకండీ!" అన్నారు. చివరికి నలుగురు కూలీలు దిగి కారుని వెనక్కి నెట్టి, చేలోకి తప్పించారు. అమ్మని క్షేమంగానే చేర్చా గానీ నాకు తల కొట్టేసినట్టయింది. ఆ చప్పుడు నెల నుంచీ వస్తోంది మరి! ఇంట్లో చెబితే మావారు "నీకు గేరు వెయ్యడం రాదు" అనేవారు. నేనూ నిజమే అనుకున్నా.

మర్నాడు ఆటోనగర్‌లో మెకానిక్ ఇంజను ఆపి రివర్స్ వెయ్యమన్నాడు. మెత్తగా పడిపోయింది! "గేరు బాగానే ఉందమ్మా, క్లచ్చే పూర్తిగా విడవట్లేదు" అన్నాడు. కేబుల్ వదులైందట.

వెనక్కి ఎలా వెళ్తుంది?

ఇంజను ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది. చెరకు రసం మిషను చూశారుగా, పళ్ల చక్రాలు రెండు కలిస్తే ఒకటి ఇటు, ఒకటి అటు తిరుగుతాయి. వాటి మధ్య మూడోది దూరిస్తే చివరిది తిరిగే దిక్కు మారిపోతుంది. గేరుబాక్సులో ఆ మూడో చక్రమే ఐడ్లర్.

ముందు గేర్లలో వేగాలు కలిపే సింక్రోమెష్ ఉంటుంది. చాలా కార్లలో రివర్స్‌కి అది ఉండదు. అందుకే క్లచ్ కాస్త తేడా చేసినా ముందు మొరపెట్టుకునేది రివర్సే. ఎలక్ట్రిక్ కార్లకైతే ఈ బాధే లేదు, మోటారే వెనక్కి తిరుగుతుంది.

ఇవి గుర్తుంచుకోండి

కారు పూర్తిగా ఆగాకే రివర్స్ వెయ్యండి. క్లచ్ చివరిదాకా తొక్కి, రెండు మూడు సెకన్లు ఆగండి.

పడకపోతే బలవంతం వద్దు. న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి, మళ్లీ తొక్కి వెయ్యండి.

ఇంజను ఆపితే పడుతూ, నడుస్తుంటే పడకపోతే క్లచ్ చూపించండి. కేబుల్ లేని కార్లలో క్లచ్ ఆయిల్ తగ్గిందేమో చూడమనండి.

ఆపినా పడక, మిగతా గేర్లు బాగుంటే గేరు రాడ్డు బుష్‌లు, లోపలి ఫోర్కు, ఐడ్లర్ పళ్లు చూడాలి. ఇది ఖర్చు పనే.

వెనక్కి పోయేటప్పుడు సన్నగా కూత వస్తే కంగారుపడకండి. నిలువు పళ్ల చక్రాలకది మామూలే. గర్ర్‌మంటే మాత్రం అశ్రద్ధ చెయ్యకండి.

ఇప్పుడు కారులో ఏ చప్పుడు వచ్చినా మావారు నన్నే పిలుస్తున్నారు. "రాదు" అన్నమాట ఒప్పుకునే ముందు ఒక్కసారి బండిని కూడా అనుమానించండి. ఏమంటారు?