సొలిసిటరు మాట, సొలిసిటరు ఖాతా

ఇంగ్లండులో ఇల్లు కొనబోవు తెలుగువాడు, ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును, బహుశః ముఖాముఖి యెన్నడును చూడని యొక సొలిసిటరు ఖాతాలోనికి పంపి, తాళపుచెవి చేత పడువరకును ఆతని మాటపైననే ఆధారపడి యుండును. దస్తావేజులు వ్రాయుట, వీలునామాలు సిద్ధపరచుట, క్రయవిక్రయములు నడపుట, వ్యాజ్యమునకు వలసిన సామగ్రిని సమకూర్చుట అచ్చట సొలిసిటరు పని. పై కోర్టులలో నిలిచి వాదించుట ప్రధానముగా బారిస్టరు పని.

సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ అను నియంత్రణ సంస్థ విధింపగా 2019 నవంబరు 25 నుండి అమలులో నున్న మూలసూత్రములు ఏడు: న్యాయపాలనను నిలుపుట, ప్రజావిశ్వాసమును కాపాడుట, స్వతంత్రముగా మెలగుట, సత్యము, ఋజువర్తనము, సమానత్వమును ప్రోత్సహించుట, క్లయింటు మేలు చూచుట. ఇట్టి పట్టికను ఏ వృత్తిసంఘమైనను అద్దము బిగించి గోడకు తగిలించుకొనగలదు. ఈ యేడింటిలో ఒకదానితో నొకటి పొసగనప్పుడే దీని పదును తెలియును. అప్పుడు క్లయింటు లాభముకంటె లోకహితమే ప్రబలమని నియమావళి నిర్ణయించినది. ఫీజు చెల్లించితిని గనుక నా వకీలు నా కొరకేమైనను చేయవలెనని తలచువారు ఏ దేశమునందైనను కొల్లలు. కాని క్లయింటు తన సాక్ష్యము అబద్ధమని చాటున ఒప్పుకొని, దానిని సవరింప నిరాకరించినచో, కోర్టును మోసపుచ్చుటలో సొలిసిటరు పాలుపంచుకొనరాదు, వ్యాజ్యమునుండి తప్పుకొనవలెను, అయినను తాను విన్న రహస్యమును సాధారణముగా వెల్లడింపనురాదు. క్లయింటు మరణించిన పిదపను ఆ రహస్యరక్షణభారము తొలగదు.

సత్యమును, ఋజువర్తనమును వేరుగా పేర్కొనుట పునరుక్తి యని తోచవచ్చును. 2018లో అప్పీలు కోర్టు దీనిని విడమరచినది: అబద్ధమాడకుండుట యెల్లరకును విధియే, తాను పలుకు మాటలో పొరపాటు దొర్లకుండ సామాన్యునికంటె నెక్కువ జాగ్రత్త వహించుట వృత్తిపరునికి విధి.

నా దృష్టిలో ఈ ధర్మములన్నియు పరీక్షకు నిలుచు చోటు బ్యాంకు ఖాతాయే. క్లయింటు సొమ్మును సొలిసిటరు తన సంస్థ సొమ్ముతో కలుపరాదు. ఒకరి పైకమును మరియొకరి పనికి ఒక్కపూటకైనను వాడరాదు. కనీసము ఐదు వారముల కొకమారు బ్యాంకు లెక్కను తన పద్దులతో సరిచూచుకొనవలెను. లోటు కనబడినచో జాప్యము లేక పూరింపవలెను. ఇక క్రయము పూర్తియగు దినమున, అమ్మువాని బ్యాంకు అప్పు ఇంకను ఆ యింటిపై నుండగనే, కొనువాని సొలిసిటరు పైకమంతయు అవతలి సొలిసిటరునకు పంపివేయును. ఏ ధైర్యముతో? ఈ సొమ్ముతో అప్పు తీర్చి తాకట్టు విడిపించెదనని ఆతడిచ్చిన హామీతో. అండర్‌టేకింగ్ అని వ్యవహరింపబడు ఆ హామీని తప్పుట వృత్తిదోషము. నోటిమాటగా నిచ్చినను కట్టుబడవలసినదే. కోర్టు దానిని ఆ సొలిసిటరుచేత నెరవేర్పింపగలదు.

క్లయింటు సొమ్మును అపహరించినవానిని సొలిసిటర్ల పట్టికనుండి తొలగించుట దాదాపు తప్పనిసరియని సర్ థామస్ బింగ్‌హామ్ 1990ల తొలినాళ్లలో వెలువరించిన ప్రసిద్ధమైన తీర్పు చెప్పుచున్నది. వాని పూర్వసచ్చరిత్రకును, కుటుంబము పడు కష్టమునకును అందు దొరకు విలువ స్వల్పము. ఏలయన, దండన ప్రధానోద్దేశము ఆ మనుష్యుని బాధించుట కాక, వృత్తిపై ప్రజలకు గల నమ్మకమును నిలుపుట. కఠినమే, కాని ముఖమెరుగనివారు సొమ్మప్పగించు వృత్తిలో ఇంతకంటె మెత్తని సూత్రము నిలువదు.

అచ్చట సొలిసిటరును కుదుర్చుకొనబోవు పాఠకులు ముందుగా నియంత్రణ సంస్థవారి పట్టికలో ఆతని పేరు చూచుకొందురు గాక. అందులకు రుసుము లేదు. సేవాలోపమున్నచో మొదట ఆ సొలిసిటరు పనిచేయు సంస్థకే ఫిర్యాదు చేయవలెను. 8 వారములలో పరిష్కారము దొరకనిచో లీగల్ ఆంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. అపహరణము, మోసము వంటి దుర్వర్తనమును మాత్రము నేరుగా నియంత్రణ సంస్థకే తెలుపవలెను.