అమ్మ కూర్చునే వైపు తలుపు: పాత మారుతి 800 డోర్ ట్రిమ్ మనమే మార్చుకుందాం

ఈ రోజు ఎపిసోడ్ మా ఇంటి గొడవతో మొదలుపెడతా.

మా నాన్న కారు 2004 మారుతి 800. గుడివాడలో ఇంటి ముందు ఎండలోనే ఉంటుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు అమ్మని గుడికి తీసుకెళ్లా. దిగేటప్పుడు వెనక సీట్లోంచి అమ్మ అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, బయట హ్యాండిల్ లాగి తలుపు తీసింది. అదేదో మామూలు విషయం అన్నట్టు! "ఎన్నాళ్ల నుంచి ఇలా?" అంటే "ఏడాది అవుతుందిరా, అలవాటైపోయింది" అంది.

మా వైపు రోడ్లు మీకు తెలుసుగా, చాలాచోట్ల పక్కనే కాలువ. ఆ అద్దం దిగని రోజు ఏంటి పరిస్థితి? నాన్నని అడిగితే, షాపులో తలుపు లోపలి సెట్టు మొత్తం మార్చాలన్నారట, పాత కారుకి అంత ఖర్చు దేనికని వదిలేశారట. సరే, నేనే విప్పుతా అన్నా. నాన్న నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ పూర్తిగా నమ్మలేదు. నేను కోడ్ రాసేవాణ్ణి గానీ మెకానిక్‌ని కాదు కదా.

విప్పే ముందు ఒకటి. వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోకపోతే ముందు చైల్డ్ లాక్ చూడండి. చాలా కార్లలో తలుపు తెరిస్తే పక్క అంచులో చిన్న మీట ఉంటుంది. అది కిందికో పైకో జరిగి ఉంటే అంతే, రిపేరు అయిపోయినట్టే. మా కారులో సంగతి అది కాదు. హ్యాండిల్ లాగితే చేతికి బరువే తగల్లేదు, వదులుగా ఊగుతోంది. అంటే హ్యాండిల్ విరిగిందన్నా అనుకోవాలి, లేదా దాని నుంచి లాక్ దాకా వెళ్లే సన్నటి ఇనప రాడ్ ఊడిందన్నా అనుకోవాలి. డోర్ ట్రిమ్, అంటే తలుపు లోపలి అట్ట తీస్తేనే తెలుస్తుంది.

అద్దం పూర్తిగా పైకెత్తేయండి. అద్దం తిప్పే హ్యాండిల్ ఏ కోణంలో ఆగిందో ఫోటో తీసుకోండి. బిగించేటప్పుడు అలాగే పెట్టకపోతే మోకాలికి తగులుతూ ఉంటుంది. ఆ హ్యాండిల్‌కి బయట స్క్రూ కనపడదు. వెనకాల ఒక స్ప్రింగ్ క్లిప్ పట్టుకుని ఉంటుంది. బలంగా పీకితే రాదు, విరుగుతుంది. పాత బనీన్ గుడ్డ తీసుకుని హ్యాండిల్‌కీ దాని వెనక ప్లాస్టిక్ బిళ్లకీ మధ్య దూర్చి, బూట్లు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగండి. క్లిప్ టప్‌మని ఎగురుతుంది. రెండో చెయ్యి అడ్డం పెట్టుకోండి. నాది ఎగిరి తులసికోట వెనక పడింది, ఇరవై నిమిషాలు వెతికా.

తర్వాత చేతిపిడి స్క్రూలు, లోపలి హ్యాండిల్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేమ్ స్క్రూ. ఇవి ఈజీ. ఇక మిగిలింది అట్ట అంచుల వెంట ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు. ఇక్కడే అందరం చేసే తప్పు, అట్టని ఒక చివర పట్టుకుని లాగేయడం. క్లిప్ తలుపులోనే ఉండిపోతుంది, అట్ట చిల్లు చిరుగుతుంది. వెడల్పు స్క్రూడ్రైవర్‌కి ఇన్సులేషన్ టేపు చుట్టి, క్లిప్ ఉన్న చోటుకి పక్కనే పెట్టి మెల్లగా లేపండి. ఒకటయ్యాక ఇంకొకటి. ఇన్నేళ్ల ఎండకి ప్లాస్టిక్ పెళుసైపోయి ఉంటుంది, ఎంత జాగ్రత్తగా తీసినా కొన్ని విరుగుతాయి. నాకు ఐదు విరిగాయి. అందుకే కొత్త క్లిప్పులు డజను ముందే కొని పెట్టుకోండి, కొన్ని రూపాయల పని.

అట్ట తీశాక అసలు సంగతి కనపడింది. హ్యాండిల్ ఇరుసు దగ్గర ప్లాస్టిక్ విరిగింది, రాడ్ బాగానే ఉంది. కానీ అట్ట కింది భాగం తడికి ఉబ్బి అప్పడంలా లేచింది. ఎందుకంటే అట్టకీ తలుపు రేకుకీ మధ్య ఉండాల్సిన ప్లాస్టిక్ షీట్ సగం చిరిగి వేలాడుతోంది. ఎప్పుడో ఎవరో అద్దం రిపేరుకి విప్పి, మళ్లీ అతికించకుండానే మూసేసినట్టున్నారు.

ఈ షీట్ ఫ్యాక్టరీ ప్యాకింగ్ అనుకుని చింపేసేవాళ్లు చాలామంది. కాదు ఫ్రెండ్స్. వాన నీళ్లు అద్దం పక్కనుంచి తలుపు లోపలికి దిగడం మామూలే, డిజైనే అంత. ఆ నీళ్లు తలుపు అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. అవి క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది ఈ షీటే. అది లేకపోతే అట్ట తడుస్తుంది, కార్పెట్ తడుస్తుంది, దాని కింద ఫ్లోర్ రేకు మీకు కనపడకుండా తుప్పు పడుతుంది. కొత్త హ్యాండిల్ వేసి ఈ షీట్ వదిలేస్తే సగం పనే చేసినట్టు.

పార్టుల కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్లా. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారైన కారు కాబట్టి సామాన్లకి కరువు లేదు. కానీ అన్ని సంవత్సరాల అట్టలూ ఒకేలా ఉండవు. అందుకే విరిగిన హ్యాండిల్ చేత్తో పట్టుకెళ్లా, అట్ట ఫోటోలు, చిల్లుల మధ్య కొలతలు ఫోన్‌లో పెట్టుకున్నా. అయినా తప్పు చేశా. కుడివైపుది తెచ్చా! షాపు అన్న "ఏ వైపు తమ్ముడూ?" అనడిగితే, కారుకి ఎదురుగా నిలబడినట్టు ఊహించుకుని చెప్పా. కారులో కూర్చున్నప్పుడు మన ఎడమ చెయ్యి వైపే ఎడమ. మళ్లీ బస్సెక్కాల్సి వచ్చింది. హ్యాండిల్, క్లిప్పులు, వాడిన అట్ట ఒకటి, అన్నీ కలిపి 900 అయ్యాయి.

షీట్‌కి మందపాటి పాలిథిన్ తీసుకుని, పాతది పైన పరిచి అదే ఆకారంలో కత్తిరించా. అంచులకి సాగే నల్లటి బ్యూటైల్ టేపు వేయండి, మామూలు గమ్ ఎండకి ఊడుతుంది. షీట్ కింది అంచు తలుపు రేకు కంతలోంచి లోపలికి వెళ్లాలి. అప్పుడే జారే నీళ్లు మళ్లీ తలుపులోకే పడతాయి. అడుగు రంధ్రాల్లో మట్టి ఉంటే పుల్లతో తీసేయండి. తర్వాత అద్దం మీద బయటినుంచి రెండు మగ్గుల నీళ్లు పోసి చూడండి. తలుపు అడుగునుంచి కారాలి, షీట్ ఇవతల చుక్క ఉండకూడదు.

అట్ట బిగించే ముందే హ్యాండిల్ టెస్ట్ చేయండి, అదీ తలుపు తెరిచే ఉంచి. తలుపు అంచులో ఉన్న లాక్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కితే మూసుకున్నట్టు తిరుగుతుంది. లోపలి హ్యాండిల్ లాగితే టక్‌మని వదలాలి. వదిలాకే తలుపు వేయండి. లాక్ మూసుకుని ఉండగా వేస్తే గట్టిగా కొట్టుకుని పాడవుతుంది.

ఇది చూసి ధైర్యం వచ్చి కొత్త కారు విప్పేవాళ్లకి ఒక మాట. మా 800లో ఎయిర్‌బ్యాగులు లేవు కాబట్టి నేను ధైర్యం చేశా. స్టీరింగ్, డ్యాష్‌బోర్డు, సీటు పక్కన, పైకప్పు దగ్గర ఎస్ఆర్ఎస్ అని రాసి ఉన్నా, పసుపు రంగు కనెక్టర్ కనపడినా చెయ్యి పెట్టకండి. అది తెలిసినవాళ్ల పని.

సాయంత్రం నాన్న వచ్చి, ఏమీ అనకుండా వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు. లోపలి నుంచి తీశారు. మళ్లీ వేశారు, మళ్లీ తీశారు. "ఒరేయ్, డ్రైవర్ సీటు పక్క తలుపు కూడా కొంచెం గలగలమంటోంది, అదీ చూడు" అన్నారు.