లోతు పెరిగితే... బరువు పెరుగుతుంది!

పరిగికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా పరిగి నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో, పూడూరు మండలంలోని దామగుండం అడవికి జలాంతర్గాములతో చుట్టరికం కలిసింది. వాటికి సందేశాలు పంపే నౌకాదళ రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న అక్కడ శంకుస్థాపన జరిగింది. దీనికోసం సుమారు 2,900 ఎకరాల అటవీభూమి కేటాయించారు. అడవి పోతే మూసీకే ముప్పని పర్యావరణవేత్తలు అభ్యంతరం చెప్పారు. ఇంతకీ నీళ్లలో ఉన్నవాళ్లతో మాట్లాడటానికి ఇంత ఏర్పాటెందుకు?

జలాంతర్గామికి కనపడకపోవడమే రక్ష. కనపడకూడదంటే లోతుకు వెళ్లాలి. అక్కడే నీటి ఒత్తిడితో పోరాటం మొదలవుతుంది.

బావిలో నిండిన బొక్కెన నీళ్లలో ఉన్నంతసేపూ తేలిగ్గా వస్తుంది. నీటిపైకి రాగానే చేతులు గుంజేస్తుంది. కారణం... లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరగడమే. మునిగిన వస్తువును పైనుంచి నొక్కే బలంకన్నా కిందినుంచి తోసే బలం ఎక్కువ. ఆ తేడాయే దాన్ని పైకి లేపుతుంది. ఈ ఒత్తిడికి నీరు ఎంత దూరం పరుచుకుందన్నది లెక్కకాదు, ఎంత లోతుందన్నదే లెక్క. నాగార్జునసాగర్ లాంటి రాతి ఆనకట్టలను అడుగున లావుగా కట్టేది అందుకే.

సముద్రంలో 200 మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు 200 టన్నుల బరువు పడుతుంది. అదీ అన్నివైపుల నుంచీ! చదునైన రేకైతే వంగిపోతుంది. గుండ్రటి గొట్టమైతే ఆ బరువును చుట్టూ పంచేసుకుంటుంది. 2002 నుంచి విశాఖ తీరంలో మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి లోపలికెళితే ఆ గుండ్రటి పొట్టను చూడొచ్చు. లెక్క తప్పితే ఏమవుతుందో 2023 జూన్‌లో టైటాన్ చూపింది. టైటానిక్ శకలాలను చూడబోయిన ఆ చిన్న వాహనం నీటి ఒత్తిడికి నుజ్జయింది. అయిదుగురూ చనిపోయారు.

ఒత్తిడిని ఉక్కు ఆపుతుంది. మరి కబురు? మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలోకి చొరబడలేవు. వాటికోసం పైకొస్తే శత్రువు కంటపడాల్సిందే. అతి తక్కువ పౌనఃపున్యం ఉన్న తరంగాలు మాత్రం కొన్ని మీటర్ల లోతుదాకా దిగుతాయి. పొడవాటి తీగను పైకి వదిలితే, ఓడ అంతకన్నా కిందే దాగి వాటిని అందుకుంటుంది. అలాంటి తరంగాలకు ఎత్తయిన స్తంభాలూ, విశాలమైన స్థలమూ కావాలి.

తమిళనాడులోని తిరునల్వేలి దగ్గరున్న ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో ఇలాంటి కేంద్రం దామగుండానిదే. అది పూర్తయితే, ఎక్కడో సముద్రంలో టన్నుల నీటి కింద ఉన్న నావికులకు అందే ఆదేశం పరిగి పక్కనుంచే వెళుతుంది.